రసమట్టం

సిరొంచ దాటి ఆలాపల్లి రోడ్డెక్కినంక
ఎడమ చేతికి ప్రాణహిత కనబడంగనే
రాజలింగు జీపు ఆపిండు.
వెనుక మా ఇల్లు గడగడమని ఆగింది.

ఇల్లంటే ఇల్లే.
మంచిర్యాల వెల్డింగు షాపుల
పాత ట్రాక్టరు ఇరుసు మీద
పదకొండు నెలలు కట్టిండు.
మడతమంచం, ఒంటిపొయ్యి,
కొక్కేలకు రెండు గిన్నెలు,
కిటికీకి నా పాత చీరె.
"ఐసుక్రీము బండా?" అని
కాలనీల అడగనోళ్లు లేరు.

బ్రిడ్జి దాటంగనే ఫోను
మరాఠీల స్వాగతం చెప్పింది గని
అవతలి గడ్డన మిణుకుమంటున్నయి
కోటపల్లి దిక్కు దీపాలు.
"దేశం తిప్పుతనంటివి,
మన జిల్లా ఇంకా కండ్లబడుతనే ఉంది గదయ్యా" అన్న.
ఆయన పలకలే.
చక్రాల కింద పెట్టనీకి రాళ్లు దేవులాడుతుండు.

మా నాయన సుతారి.
ఆయన పోయినంక నా వాటాకు వచ్చింది
ఒక్క రసమట్టం.
అంచులు అరిగిన కట్టె,
నడుమ పసుపుపచ్చ నీళ్లల్ల ఒక బుడగ.
దాన్ని గడప మీద పెట్టి నేను చెప్తుంటె
ఆయన ఒక్కో ఇటుక దోపుతడు.
ఎడమకు. ఇంకొంచెం.
ఆగు, ఎక్కువైంది.
నాలుగో ఇటుకకు బుడగ నడుమకొచ్చి
ఊపిరి బిగవట్టినట్టు నిలబడ్డది.
ఇగ చాయ పెట్టుకోవచ్చు.

అప్పుడొచ్చింది దుర్గం బానక్క,
ఇసుకల పుచ్చతీగెలకు నీళ్లు పోసి,
ఖాళీ బిందె చంకన,
పిక్కల దాక తడి ఇసుక.
సంతల ఎద్దును చూసినట్టు
బండి చుట్టూ తిరిగింది.
టైరును కాలితోని తన్ని చూసింది.

"వాకిలి ఏ దిక్కు?"
ఇయ్యాల తూర్పు, అన్న. రేపు ఎటో.
"ఇంటిపన్ను ఏ పంచాయతికి కడతరు?"
రాజలింగు నవ్విండు.
ఆమె నవ్వలే.
"దొంగలు ఇంటికి ఇల్లే గుంజుకపోతె?"
దానికి ఆయన దగ్గర గూడ జవాబు లేదు.

లోపలికి రమ్మన్న.
చెప్పులు లేని కాళ్లు దులుపుకొని ఎక్కింది.
మంచం కొసకు కూసోని
గోడను జానతోని కొలిచింది,
మూడు జానలు, మీద బెత్తెడు.
"మాదీ పోయింది" అన్నది.
"మొన్నటి వరదల.
చక్రాలు లేకుండనే."

పొయ్యి మీద పాలు పొంగినయి.
తుడవనీకి గుడ్డ యాడుందో దొరకలే.

"గోడ పడితె సప్పుడైతదనుకున్న.
ఏం లేదు, ఉప్పు కరిగినట్టె.
పొద్దుగాల వచ్చి చూస్తె
గొళ్లెం పెట్టిన తలుపు
దర్వాజతోని ఒక్కటే నిలబడ్డది.
నేను పెట్టిన గొళ్లెమే.
తియ్యాల్నా వద్దా అని శానసేపు చూసిన."

మరి సర్కారు పైసలు, అన్నడు రాజలింగు.
"కాగితం మరాఠీల ఉండె.
వేలిముద్ర నేను తెలుగుల వేసిన.
ఇంక కలవలేదేమొ రెండు."
ఈసారి ఆమెనే నవ్వింది, పల్లు చాటున.
చాయ రెండు గ్లాసులు తాగింది.
ఇప్పుడు అక్కబిడ్డ ఇంట్ల ఉంటదట,
వంటింటి వార.

రాత్రి ఏరు సప్పుడు లేదు.
ఎండకాలపు నీళ్లు, మోకాలు లోతు.
గదే నీళ్లా అని నాకు నిద్ర పట్టలే.
రాజలింగు మాత్రం గురక పెట్టిండు,
మంచిర్యాలలో పెట్టినట్టే.

తెల్లారి ఆమె పుచ్చకాయ తెచ్చింది.
పైసలంటె చెయ్యి వెనుకకు పెట్టుకుంది.
జీపు స్టార్టయినంక,
అడగాల్నా వద్దా అన్నట్టు నిలబడి,
"ఆ ఇటుకలు మీకు అక్కరుంటయా?"

నాలుగు ఇటుకలు.
కొంగుల రెండు, బిందెల రెండు పెట్టుకొని
గట్టెక్కి పోయింది.

ఆలాపల్లి టేకడవి అంచున ఆ రాత్రి
బండి ఎడమకు వంగే ఉంది.
బుడగ మూలకు పోయి కూసుంది.
"ఊర్లకు పోయి ఇటుకలు తేనా?" అన్నడు.
వద్దన్న.
దీపం తీసినంక
మంచం కింద పుచ్చకాయ ఒక్కసారి దొర్లి
గోడకు తగిలి ఆగింది.