ఇసకపల్లి ఉప్పు రిజిస్టరు, వెనక పేజీలు

ముందు పేజీల్లో బస్తాలు.
వెనక నించి తిరగేస్తే పిట్టలు.
రెండూ నా దస్తూరే.
ఓనరు ముందు వైపే చూస్తాడు గనక
తొమ్మిదేళ్లుగా గడుస్తోంది.

వినాయక చవితి పోయిన నాలుగో రోజు
మొదటి గుంపు: చిన్న ఉల్లంకులు, నూటెనభై దాకా.
"దాకా" అని రాస్తే ఫారెస్టాయన ఊరుకోడు,
లెక్కంటే లెక్కే అంటాడు.
అవి ఒక్కసారిగా లేచి మలుపు తిరిగితే
తెల్లటి పొట్టలన్నీ కలిసి
ఎవరో దుప్పటి దులిపినట్టుంటుంది.
దులుపుతున్న దుప్పట్లో పోగులు ఎంచమనండి ఆయన్ని.

మానికల చెంచులమ్మ ఎంచదు.
పార భుజాన వేసుకుని, కయ్యగట్టు మీద నిలబడి
కళ్లు చికిలించి
ఎవరు రాలేదో చెప్తుంది.
"కొడవలి ముక్కోళ్లు వొచ్చేశారు గుమాస్తా.
తెడ్డుమూతోళ్లు రేపో ఎల్లుండో దిగతారు.
మన దబ్బనంది యాడా అగపళ్లేదే?"

గోనెసంచి కుట్టే దబ్బనం లాంటి ముక్కు దానికి.
పుస్తకంలో వేరే పేరుంది, నాకు నోరు తిరగదు.
ఆ జాతిలో ఒకదానికి ఎడమ కాలు
మోకాటి దగ్గరే ముడేసినట్టు ఆగిపోయింది.
నైలాను దారం చుట్టుకుని తెగి ఉంటుందని
చెంచులమ్మ అనుమానం.
ఏ దేశపు రేవులోనో.
మా పీతల వలే అయినా కావచ్చు.
అయినా నాలుగేళ్ల నించీ
ఆరో నంబరు కయ్యకే వస్తుంది,
మోటారు షెడ్డు నీడ పడే అదే మూలకి,
గెంతుకుంటూ.

అక్టోబరు పదకొండు. తూర్పున మబ్బు.
ఆడవాళ్లంతా ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పుతున్నారు,
పురిటి బిడ్డకి చలి తగలకుండా కప్పినట్టు, తిట్టుకుంటూ.
రాత్రికి వాన పడింది.
రెండు కుప్పలు కరిగి కాలవలో కలిశాయి.
అది ముందు పేజీలో రాశాను.

వానకి కయ్యల్లో ఉప్పదనం విరిగింది,
నీళ్లలో పురుగు పుట్టింది,
పురుగు కోసం పిట్ట దిగింది.
గూడబాతులు ఇరవై రెండు.
ఎర్రకాళ్ల రాజహంసలు నలభయ్యో యాభయ్యో,
తల కిందులుగా పెట్టి బురద వడకడుతూ.
మా కూలి ఆగిన రోజున వాటి కూలి మొదలు.
ఇది ఏ పేజీలో రాయాలో తోచక వదిలేశాను.

చెంచులమ్మ కుటుంబం
రామాయపట్నం పక్క రొయ్యల గుంటలకి కాపలాకి పోయింది.
ప్లాస్టిక్ బిందె, కోడిపెట్ట, చుట్టిన చాప,
ఆటో వెనక వేలాడుతూ పార.
ఏం పనంటే చెప్పడానికి కాస్త తటపటాయించింది.
"ఏముండాది... నూనె డబ్బా కొట్టి
రొయ్యల మీద వాలే పిట్టల్ని తోలేదే."
ఇద్దరం ఆరో కయ్య వైపు చూసి
మాట మార్చాం.

నవంబరు మూడు, పొద్దున ఆరుంపావు.
మోటారు షెడ్డు మూల
దబ్బనం ముక్కుది, ఒంటి కాలిది,
ముక్కు మొదలంటా బురదలో గుచ్చి
ఏదో చిరుగు కుడుతున్నట్టు.
బాగా చిక్కింది. రెక్క ఈక ఒకటి విరిగి ఉంది.

ఫోన్ చేశాను.
చెంచులమ్మ గొంతు వెనక డబ్బా మోగుతోంది,
డబడబ డబడబ, ఎవరో కుర్రాడి అదిలింపు.
"వచ్చింది" అన్నాను.
"ఎవురు?"
"మనది."
"కాలు? ఎడంకాలేనా?"
"ఎడంకాలే."
"రేయ్, ఉండ్రా అబ్బయ్యా" అంది పక్కకి తిరిగి.

డబ్బా చప్పుడు ఆగింది.
ఆమె ఇంకేం మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.
ఆ కాసేపట్లో అక్కడ
గుంటల మీద ఎన్ని వాలాయో
రిజిస్టర్లో రాయడానికి
నా దగ్గర లెక్క లేదు.