నీలం తాడు

తెల్లారుజాము నాలుగున్నర.
నరసాపురం కాలవ మీద మంచు
చల్లారిన గంజి మీద తెట్టులా కదలకుండా ఉంది.
తాడుకి ఈ చివర నేను,
ఆ చివర డీజిల్.
నిన్న మధ్యాహ్నం నుంచి ఒక్క చుక్క విడవలేదు మహాతల్లి.

మొగల్తూరు అవతల రొయ్యల చెరువు మీద
ఇంజను షెడ్డులో పుట్టింది. అందుకే ఆ పేరు.
ఆరేళ్లు దాని మెడకి దారప్పోగు తెలీదు.
ఏ గట్టెక్కాలో, ఏ తుంగ చాటుకి పోవాలో
అంతా దాని ఇష్టం.
చెరువుకి తెల్లమచ్చ తగిలింది.
లీజు పోయింది, మోటార్లు విప్పుకుపోయారు.
మా లోవరాజుకి పాలకొల్లులో
ఐదంతస్తుల అపార్టుమెంటుకి వాచ్‌మేన్ పని దొరికింది.
సెక్రటరీ గారు మొదటిరోజే చెప్పేశారు:
కుక్క ఉండొచ్చు. తాడు ఉండాలి.

తాడుకేం, ఉంది.
ఏరేటర్‌కి కట్టిన నీలం నైలాన్ తాడు.
చెరువు మీంచి మాకు మిగిలింది అదీ, ఇదీ.

కట్టగానే డీజిల్ వేరే కుక్కయిపోయింది.
నడుస్తుంది. వాసన చూస్తుంది.
గుండ్రంగా రెండుసార్లు తిరుగుతుంది.
వెనక కాళ్లు వంచబోతూ
నా మొహంలోకి చూస్తుంది.
అంతే. లేచి నిలబడుతుంది
దొంగతనంలో దొరికిపోయినట్టు.

"కానియ్యవే, నీకు దణ్ణం పెడతాను" అన్నాను.
ఎండురొయ్య చూపించాను.
అది తినేసి, మర్యాదగా తోకాడించింది.
లోవరాజు తిట్టాడు, దాన్ని కాదు, నన్ను.
పశువులాసుపత్రి కాంపౌండరు ఏలియా అన్నాడు కదా:
"ఒకే చోటు, ఒకే వేళ, ఒకే మాట.
అయ్యాక మెచ్చుకో, అవకముందు కాదు.
తాడు కాస్త పొడుగు చెయ్యి."
ఐదు మూరలు పెంచాను.
ఐదు మూరల అవతలనుంచి
నన్నే చూస్తోంది.

ఆ చూపు నాకు తెలుసు.

పదకొండేళ్లు రొయ్యలొలిచే షెడ్డులో చేశాను.
ఐసులో వేళ్లు, మోకాళ్లదాకా బూట్లు,
బాత్రూముకి టోకెను, షిఫ్టుకి రెండు.
తలుపు బయట సూపర్‌వైజరు కృపామణి వాచీ చూసుకుంటూ
"ఎంతసేపే నూకరత్నం?"
ఆ మాట చెవినపడితే
లోపలున్నది లోపలే గడ్డకట్టేది.
చప్పుడు వినైనా వస్తుందేమోనని కుళాయి విప్పేదాన్ని.
ఉత్తినే లేచి, చీర సర్దుకుని,
"అయిపోయిందమ్మా" అని అబద్ధం చెప్పి
సాయంత్రందాకా కాళ్లు మెలేసుకు ఒలిచేదాన్ని.
అంతకుముందు మా అమ్మ, నాట్ల రోజుల్లో
పొద్దుగూకేదాకా గుక్కెడు తాగేది కాదు.
పిక్కలోతు నీళ్లల్లో నిలబడి, దాహంతో.
ఉగ్గబట్టుకోవడం మాకెవరూ నేర్పలేదు. చూసి వచ్చేసింది.

ఇవాళ ఏం చేశానంటే
డీజిల్‌కి వీపు పెట్టేశాను.
తాడు వేళ్ల మధ్య వదులుగా వేలాడదీసి
కాలవలోకి చూశాను.
గుర్రపుడెక్క ముద్ద ఒకటి, దాని మీద ఓ కొంగ,
టిక్కెట్టు కొనుక్కున్నట్టు నరసాపురం వేపు పోతున్నాయి.
అవతల గట్టున పాలకేను చప్పుడు.
నేను మనిషిని కాదు, కరెంటు స్తంభాన్ని అనుకున్నాను.
నాకు వాచీ లేదు.

తాడు ఒకసారి బిగిసింది. వదులైంది.
ఎండిన అరిటాకు మీద
ముందు నాలుగు చినుకులు.
తర్వాత, ఓరి నాయనో,
లాకులెత్తినట్టు!

తిరిగి చూళ్లేదు. ఎంతసేపే అనలేదు.
నవ్వో ఏడుపో తన్నుకొస్తుంటే పైట నోట్లో కుక్కుకున్నాను.
అది తీరుబడిగా కానిచ్చి, మట్టి ఎగదన్ని,
నా మడమకి తడిముక్కు ఆనించాకే
"శెభాష్ తల్లీ" అన్నాను, చిన్నగా.

రేపూ ఇదే చోటు, ఇదే వేళ.
ఆ ఒకే మాటేదో ఇంకా దొరకలేదు.
"కానియ్" వద్దు, కృపామణి గొంతులా ఉంది.

ఇంటికొచ్చి, మెట్ల కింద దొడ్లోకి
తాడు చేత్తో పట్టుకునే దూరి గొళ్లెం పెట్టాను.
తలుపు కిందనుంచి నీలం తాడు బయటికి పోయింది.
చెక్క పగులులోంచి చూస్తే
డీజిల్ అటు తిరిగి కూర్చునుంది
వీధిలో ఏదో పనున్నట్టు.