తిప్పకూడనివి

ఆటోనగర్ నాలుగో క్రాస్ రోడ్డులో
ఇరవై రెండేళ్లుగా తిప్పడమే నా పని.
లేతు మిషన్లో ఇనుం బిగించి స్విచ్చి నొక్కితే
మిగతాదంతా అదే తిరుగుతుంది.

మార్చి ఆఖర్లో, తుక్కు యార్డులో
టైర్ల గుట్ట ఎత్తుతుంటే
క్రేను కింద నలిగింది జెర్రిపోతు,
ఏడడుగుల పసుపు తాడు.
అది చుట్టుకుని కూర్చున్న లారీ టైరులో
పదకొండు గుడ్లు,
ఒకదానికొకటి అంటుకుని, మెత్తగా,
తోలుతో కుట్టినట్టు.

"కొట్టెయ్యండ్రా" అన్నాడెవడో.
సైదులు నా చెవి మీది పెన్సిలు లాక్కుని
ఒక్కోదాని నెత్తిన ఒక్కో గీత పెట్టాడు.
వాడు పాములు పడతాడు,
ఖాళీ దొరికితే బ్రేకులు బిగిస్తాడు.
"ఈ గీత ఎప్పుడూ ఆకాశం వైపే ఉండాల బావా.
కోడి తన గుడ్లు తిప్పుద్ది. పాము తిప్పదు.
తిప్పామా, లోపలోడు మునిగిపోతాడు."

వాడిది రేకుల గది. నాది స్లాబు.
అంతే, అలా వచ్చాయి మా ఇంటికి.
ఫారెస్టాయన ఫోన్లో అన్నాడు:
"పిల్లలయ్యాక కొండపల్లి తీసుకురండి,
ఇక్కడ మాకే ఫ్యాను లేదు."

పెళ్లిలో మిగిలిన ఐస్‌క్రీమ్ డబ్బా.
తడిపిన కొబ్బరి పీచు.
పిడికిట పిండితే ఒక్క చుక్క రాలాలి,
రెండోది రాలిందా, మళ్లీ ఆరబెట్టు.
మూతకి మేకుతో నాలుగు బెజ్జాలు.

వెచ్చదనం ఎలా ఇవ్వాలని అడిగింది మా హిమజ.
బెజవాడలో, మే నెలలో!
ఇవ్వక్కర్లేదమ్మా, ఆపుకుంటే చాలు.
గంగాళంలో తడి ఇసక,
ఇసకలో కుండ, కుండలో డబ్బా,
పైన తడి గోనె. మెట్ల కింద, చీకట్లో.
జ్వరం చూసే థర్మామీటరు ఒకటి పక్కనే.
ముప్పై అయిదు దాటితేగాని అది నోరు విప్పదు,
దాని మౌనమే మాకు శుభవార్త.

మా అత్త నాంచారమ్మ మూడురోజులు
ఆ మెట్ల వైపు రాలేదు.
నాగులచవితికి పుట్టలో కోడిగుడ్డు వేసే మనిషి,
పుట్టే ఇంట్లోకి వచ్చేసరికి
ఏం చెయ్యాలో తోచలేదు.
నాలుగోరోజు తెల్లారి చూస్తే
గోనె అప్పుడే తడిసి ఉంది.
ఎవరు తడిపారని నేనడగలేదు.

కరెంటు పోయిన రాత్రి
పాదరసం ముప్పై ఆరు మీద నిలబడింది.
హిమజ లెక్కల నోటుబుక్కు అట్టతో
తెల్లవార్లూ గుడ్లకి విసిరింది.
మాకు దోమలు.

ఒకటి పసుపెక్కి బూజు పట్టింది.
మిగతావాటికి అంటుకునే ఉంది,
విడదీస్తే చర్మం చిరుగుతుందని
అలాగే వదిలేశాం.
చచ్చినదాన్ని పక్కన పెట్టుకుని
పది ఎదిగాయి.

నా చేతులకే కష్టమైంది.
పగలంతా గిరగిర తిప్పి, వెయ్యోవంతు కొలిచి,
రాత్రి డబ్బా మూత తీసి
ఊరికే చూడ్డం.
ఒక గీత కొంచెం వాలినట్టనిపిస్తే
వేలు అక్కడిదాకా వెళ్లి
దొంగలా వెనక్కి వచ్చేది.

జూన్‌లో తొలి వాన.
గుడ్లు సొట్టలు పడ్డాయి, గాలి పోయిన ట్యూబుల్లా.
పోయాయనుకున్నాను. సైదులు నవ్వాడు.
అరవై మూడో రోజు పొద్దున
ఒక గుడ్డు మీద బ్లేడు గాటులాంటి చీలిక,
అందులోంచి వేలంత తల,
నాలుక ఆడిస్తూ మా ఇంటి వాసన చూస్తోంది:
నూనె, తడి గోనె, అత్త కాలుస్తున్న అప్పడం.
రోజంతా అలాగే ఉంది, బయటికి రాలేదు.
తొందరేముంది దానికి?

తొమ్మిది వచ్చాయి.
పదోది చీల్చుకుంది గాని రాలేదు.
దాని గురించి హిమజ ఏం రాసుకుందో
నాకు చూపించలేదు.

కొండపల్లిలో డబ్బా వాల్చగానే
గడ్డి కదిలింది, ఆగింది, అంతే.
వెనక్కి చూస్తాయేమోనని నిలబడ్డ నన్ను
సైదులు బండెక్కమన్నాడు.

డబ్బా మూడుసార్లు కడిగి
మా అత్త గుమ్మడి వడియాలు పోసింది.
దాని మూత మీద ఒక పెన్సిలు గీత,
ఎప్పుడు పడిందో, ఎవరు గీశారో.
వడియాలు తీసుకున్నప్పుడల్లా
ఆ గీత పైకి ఉండేలాగే పెడుతున్నాం,
ఒకరికొకరం చెప్పుకోకుండా.