కప్పు

ఫైలు నాకిచ్చినప్పుడు
రెండు చేతులూ కావలసి వచ్చాయి.
టెగ్వెన్ ప్రిచర్డ్, నలభై తొమ్మిదేళ్ళు.
మాటలు లేవు. మూర్ఛలు ఉన్నాయి.
మింగడం కష్టం: టీలో చిక్కబరిచే పొడి రెండు చెంచాలు.
ఎర్ర సిరాతో, గీత కింద గీత:
"కప్పులు విసురును. ప్లాస్టిక్‌వి మాత్రమే ఇవ్వవలెను."

కొండ మీద ఆసుపత్రి ఎప్పుడో మూతపడింది.
వార్డులు పోయాయి, వార్డుల పేర్లూ పోయాయి.
ఆ వాక్యం మాత్రం
ఒక చేతిరాతలోంచి మరో చేతిరాతలోకి
కాపురం మారుతూ వచ్చింది.

పోర్త్‌మడోగ్‌లో ఇప్పుడు ఆమెకో ఇల్లు.
రెండు గదులు, వానకి నల్లబడే పలకరాళ్ళ కప్పు.
అద్దె కాగితం మీద ఆమె పేరు,
సంతకం చోట ఆమె గీసిన పసుపు గీత,
కాగితం దాటి బల్ల మీదికి కూడా.

మొదటి వారమంతా
ప్లాస్టిక్ కప్పులు ఏరుతూనే ఉన్నాను,
సోఫా కింద, చెప్పుల్లో, ఓసారి
పక్కింటివాళ్ళ పూలకుండీలో.
అది కోపం కాదని
తొమ్మిదో రోజుకి గానీ నా బుర్రకెక్కలేదు.
ముందు పెదవికి ఆనిస్తుంది.
ఆగుతుంది.
వాసన చూస్తుంది.
ఆ తర్వాతే.

పదో రోజు నా పింగాణీ కప్పు,
నీలం అంచు, పిడి దగ్గర పెచ్చు ఊడినది,
బల్ల మీద మరిచి లేచాను.
నిజం చెప్పాలంటే, మరవలేదు.
అందులో ఏమీ లేదు,
వేడినీళ్ళు పోసి పారబోసిన వెచ్చదనం తప్ప.
తిరిగొచ్చేసరికి దాన్ని చెంపకి ఆనించుకుని
కళ్ళు మూసుకుని కూర్చుంది.

వంటింట్లోనే మీటింగు.
గోడకి పొడుగాటి తెల్ల కాగితం, రంగు పెన్నులు,
నుదుటి మీదికి నెట్టిన హెవిన్ గారి కళ్ళజోడు.
"పగిలితే? చెయ్యి కోసుకుంటే? జవాబుదారీ ఎవరు?"
న్యాయమైన ప్రశ్నలే. నాకూ రాత్రి నిద్ర పట్టలేదు.
ఎడమవైపు, ఆమె విషయంలో మాకు కావలసినవి:
కిందిదాకా నిండిపోయాయి.
కుడివైపు, ఆమెకి కావలసినవి:
తెల్లగా ఉంది.
టెగ్వెన్ మధ్యలోనే లేచి పోయింది.
కాగితం చుట్టుకుని అందరం ఆమె వెనకే హాల్లోకి.
అక్కడ, నేల మీద మోకాళ్ళూని,
కుడివైపు మొదటి మాట రాసింది హెవినే.
తలపైన కప్పు ఇచ్చామని మురిసిపోయి
చేతిలో కప్పు దగ్గర ఆగిపోయినవాళ్ళం.

పగలవని కాదు.
నెలకి మూడు పోతాయి, చెడ్డ నెలైతే ఏడు.
ఒకటి నా బొటనవేలి మీద మచ్చ మిగిల్చింది.
సెకండ్ హ్యాండ్ కొట్లో ఎలూనెడ్
సాసర్లు పోగొట్టుకున్న ఒంటరి కప్పుల్ని
ఆమె కోసం పక్కన పెడుతుంది, యాభై పెన్నీలు.
ఎంపిక టెగ్వెన్‌దే.
ఒక్కోదాన్నీ ముక్కుకి, పెదవికి, చెంపకి.
వెనక వరస పెరుగుతుంది.
బయట వాన కదా, ఓపిక పడతారు.
ఒకాయన మాత్రం గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

నిన్న ఎలూనెడ్, కౌంటర్ అవతల నుంచి
నన్ను కాదు, ఆమెనే అడిగింది, వెల్ష్‌లో:
"పనడ్?"
ఓ కప్పు టీ పడుతుందా అని.
టెగ్వెన్ తల తిప్పింది,
ఏడాదిన్నరలో నేను చూడనంత వేగంగా.

ఫైలంతా మళ్ళీ వెతికాను.
మూర్ఛల లెక్క ఉంది, బరువు ఉంది, పళ్ళ లెక్కా ఉంది.
పుట్టింట్లో ఏ భాష మాట్లాడేవారో లేదు.
ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.

కుడివైపు ఆ మాట రాయబోతే
అక్షరాలు తెలియలేదు.
పెన్నుకి మూత పెట్టి, కెటిల్ పెట్టి,
పొడి రెండు చెంచాలు కలుపుతూ
నోటితో నేర్చుకుంటున్నాను:
పనడ్. పనడ్.

పక్క గదిలోంచి
బల్ల మీద అరచేతి చప్పుడు.
నా ఉచ్చారణ తప్పనో,
టీ ఆలస్యమనో.