తలసరి

పట్టికలో దేశాలు ఎత్తు వారీగా నిలబడ్డాయి,
బడిలో ప్రార్థన వరుసలా.

పొడుగువాళ్ల వైపు బాజెల్.
రిటైరైన ట్రామ్ డ్రైవరు రెగూలా
బీమా కంపెనీ ఉత్తరాన్ని తెరవకుండా
మూడు రోజులు ఫ్రిజ్ మీద పెడుతుంది.
నాలుగో రోజు కళ్లద్దాలు తుడుచుకుని చదువుతుంది.
మళ్లీ పెరిగింది.
తిట్టుకుంటుంది, కడుతుంది,
కొత్త మోకాలి చిప్పతో మెట్లు దిగి
రొట్టె కొనుక్కొస్తుంది.
దేశం పట్టీలో ఆ మోకాలు ఒక ఇటుక.

పొట్టివాళ్ల వైపు ఖొరోగ్.
పంజ్ నది మీంచి కోసే గాలి.
సర్వే అమ్మాయి సవ్సన్
గడ్డకట్టిన పెన్ను ముల్లును ఊదుకుంటూ అడుగుతుంది:
గడిచిన పన్నెండు నెలల్లో వైద్యానికి ఎంత పెట్టారు?

జర్రాగుల్ తిరిగి అడుగుతుంది:
డాక్టరు కోటు జేబులో పెట్టిన కవరు లెక్కలోకి వస్తుందా?
నర్సుకిచ్చిన ఎండు మల్బరీలు, రెండు కిలోలు?
అమ్ముదామని సంతకు తోలుకెళ్లి
బేరం తెగక మళ్లీ తోలుకొచ్చిన ఆవు?

ఫారంలో ఆవుకు గడి లేదు.

మరి, మీ ఆయన వైద్యానికి?

వెళ్లాడు. ఆపరేషన్ ఖరీదు నిలబడి విన్నాడు.
టోపీ సర్దుకుని
"నొప్పి అంత లేదులే" అంటూ వచ్చేశాడు.

సవ్సన్ కాసేపు ఆగి సున్నా వేసింది,
గుండ్రంగా, జాగ్రత్తగా,
పిల్లలు రొట్టె బొమ్మ గీసినట్టు.

ఆ సున్నా నా బల్ల మీదికొచ్చింది.
నా పని మార్చడం.
సొమోనీల్నీ ఫ్రాంకుల్నీ
ఎవరి జేబులోనూ ఎన్నడూ మోగని
అంతర్జాతీయ డాలర్లలోకి.
ఆనక తలలతో భాగించడం.

తలసరి! ఎంత పొందికైన మాట.
ఎవరికి తలకు మించిందో,
ఎవరు తల తాకట్టు పెట్టారో,
ఎవరు తల దించుకుని గేటు దాకా వచ్చి మళ్లిపోయారో,
అన్నిటినీ దువ్వెనలా సర్దేస్తుంది.

మొన్న కొత్తగా చేరిన కుర్రాడు
పొట్టి పట్టీ మీద వేలు పెట్టి
వీళ్ల ఖర్చు తక్కువే, అన్నాడు.
ఏ భాషలో అన్నాడో గాని
నాకు తెలుగులోనే వినపడింది:
వీళ్లు నయం.

భాగహారానికి ఒక నియమముంది.
ఏడాది నడుమ బతికున్న తలలే లెక్క.
జూన్ ఆఖరికి ఆయన ఉన్నాడు,
కింద దుప్పటి పరిచి
మల్బరీ కొమ్మ దులుపుతూ.
సెప్టెంబరులో లేడు.

అయినా, గీత కింద, హారంలో
ఆయన తల అలాగే ఉంది,
దేశాన్ని వెంట్రుకవాసి
చవక చేస్తూ.