ఇరుసు ముక్కు

సెంకు నది ఒడ్డున ట్రక్కు ఆపి
దుప్పటి పరిచి కిందికి దూరాడు మొలెఫే.
బూట్లు మాత్రం బయట, మంచులో.

వేలెడు లావు గొట్టం ఒకటి వేలాడుతోంది.
నూనె కారడం లేదు. నీళ్ళూ లేవు.
వాసన చూశాడు, డీజిల్ కాదు.
నోట పెట్టి ఊదితే
వెనక ఇరుసులో ఎక్కడో గుర్రుమంది.

"ఏమిటది?" పైనుంచి న్థాబిసెంగ్,
ఒళ్ళో జబ్బు గొర్రెపిల్ల.

"ముక్కు. ఇరుసుకి ముక్కు.
కాలిన ఇరుసు చన్నీళ్ళలో దిగితే గుటకేస్తుంది.
ఇది పైన ఉంటే గాలి,
ఇలా వేలాడితే ఏరు."

క్లిప్పు తుప్పుపట్టి రాలిపోయింది.
ఉన్నిమూట తీగ విప్పి అందించింది.
మూడు చుట్లు, పటకారుతో ఓ మెలి,
అదీ ఛాసిస్ మీద, ఎత్తుగా.

ఏరు తలుపుల దాకా వచ్చింది.
అవతలికెక్కాక గుర్తొచ్చింది
దుప్పటి ఆ ఒడ్డునే ఉందని.

సరే,
తీగ నిలిచిందో లేదో
ఇంకోసారి తేలుతుంది.