లస్కరు సుగతయ్య

కాలవలు కట్టేసిన రోజుల్లో పోయాడు.
లొల్ల లాకుల దగ్గర చుక్క నీరు లేదు,
బురదలో ఒక రబ్బరు చెప్పు, రెండు కొంగలు.
పాడె మోసినవాళ్ళు వంతెన దాకా వెళ్ళకుండా
కాలవలోకి దిగి అడ్డంగా నడిచారు.
ముప్పై ఏళ్ళు నీళ్ళు వదిలిన మనిషి
పొడి పొడిగా దాటిపోయాడు.

రికార్డుల్లో యేసుపాదం.
ఓడలో కలాసీగా వెళ్ళి, జ్వరం తగిలి
జపానులో ఏదో రేవులో దిగబడిపోయి
ఒక గుళ్ళో మూడేళ్ళు ఆకులు ఊడ్చాడట.
"ఏం నేర్చుకున్నావు బాబాయ్?" అంటే
"ఊడవడం" అనేవాడు.
దాన్ని జెన్ అంటారని
రాజమండ్రి నుంచి వచ్చినాయనెవరో చెప్పాడు.
ఈయన నోట ఆ మాట నేను వినలేదు.

మొగుడి మీద కోపంతో ఒకనాడు
ధ్యానం నేర్పమని వెళ్ళాను.
కొడవలి కట్టిన గెడ చేతికిచ్చి
గుర్రపుడెక్క లాగమన్నాడు.
మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి.
"రేపటికి మళ్ళీ వచ్చేస్తుంది కదా!"
"మనమూ వస్తాం కదమ్మా రేపు."
నా వైపు చూడనైనా లేదు.

ఇప్పుడు పొద్దున్నే కుండ బోర్లించి
కొబ్బరాకు మంట పెడతాను.
పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి
కుండ మీద ఒక్క లాగుడు.
రేకు లేచేటప్పుడు
కరెంటు బిల్లు గుర్తొస్తే చిరుగుతుంది.
ఆడపడుచు అన్న మాట గుర్తొస్తే మాడుతుంది.
కుండకి అన్నీ తెలిసిపోతాయి.

ఏమీ గుర్తురాని రేకు
రోజుకి మూడో, నాలుగో.
ఎండకి ఎత్తి పట్టుకుంటే
అవతల లాకు తలుపులు కనిపిస్తాయి.
భలే వచ్చింది అనుకున్నానా,
తర్వాతది చిరుగుతుంది.

చిరుగులన్నీ ఆయనవే.
సాయంత్రం సత్తుగిన్నె తెచ్చుకుని
బెల్లమైనా అడక్కుండా తినేవాడు.
"ఒక్కసారైనా మంచివి తిను బాబాయ్" అంటే
"ఇందులో చెడ్డది ఏదీ?" అని
గిన్నె తిప్పి తిప్పి చూసేవాడు,
నిజంగానే వెతుకుతున్నట్టు.

జూన్‌లో నీళ్ళు వదిలారు.
కొత్త లస్కరు కుర్రాడు చెవుల్లో పాటలు పెట్టుకుని
చక్రం తిప్పుతున్నాడు.
గుర్రపుడెక్క ఊదా పూలతో సహా వచ్చి
తలుపులకి ఆనుకుంది.
నా పొయ్యి మీద కుండ, చేతిలో తడిగుడ్డ,
అరుగు మీద చిరుగులు, వాటికి చీమలు.
ఎటూ తేల్చుకోలేక కాసేపు నిలబడ్డాను.
తర్వాత మంట లాగేసి
ఆ గెడ ఎక్కడ పెట్టాడో
వెతకడానికి వెళ్ళాను.